వంగని కాలు

ఇరవై ఏళ్లు బొగ్గుబాయిలో మోకాళ్ల మీద పాకిన ఓదెలుకు కుడి మోకాలు అరిగిపోయింది. పట్నం దవాఖానలో డాక్టరు రెండు దారులు చెప్పాడు. ఎముకలు అతికిస్తే నొప్పి పోతుంది గానీ కాలు కట్టెలా బిగుసుకుపోతుంది. కొత్తగా వచ్చిన ఇనుప కీలు వేస్తే వంగుతుంది గానీ నాలుగేళ్లకే వదులు కావచ్చు.

"వంగేదే ఏపిచ్చుకోరాదు," అంది భార్య ఐలవ్వ.

"ఏం తెలివే నీది! వంగితే మల్ల బాయిలనే దింపుతరు. కట్టెకాలైతే పనికిరాడని రాస్తరు. అట్ల రాస్తే నా నౌకరి కొడుకని మన ముత్యానికొస్తది."

అన్నట్టే వచ్చింది. కొడుకు ముత్యం మొదటి షిఫ్టుకు బయలుదేరిన పొద్దున, ఓదెలు గోడకు ఆనుకుని నిలబడి, ఇన్నేళ్లూ తన మోకాళ్లకు కట్టుకున్న టైరు ముక్కలు వాడి చేతిలో పెట్టాడు.

"గట్టిగ కట్టుకో బిడ్డా," అన్నాడు.