చేనికి పోయిన బతుకమ్మ

విత్తనాల పత్తికి పండుగలు తెలియవు. సరిగ్గా బతుకమ్మ ఆడే రోజుల్లోనే విరగబూస్తుంది. మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా ఆడ మొక్కల మొగ్గలు గిల్లి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. తెల్లారి మగ మొక్కల పూలు తెంపుకొచ్చి ఆ మొగ్గలకు రాయాలి. దీన్నే మా గద్వాల వైపు క్రాసింగ్ అంటాం. ఎండ ముదిరేలోపు పుప్పొడి తగలని మొగ్గ రాలిపోతుంది. ఇవాళ్టి పని రేపు కలిపి చేద్దామంటే కుదరదు.

ఎకరం చాలని మా ఆయన అంటే, రెండెకరాలు వేద్దామని పట్టుబట్టింది నేనే. "పండుగకు కూలోళ్లు పోతే ఎవరు జేస్తరు? నువ్వు జేస్తవా?" అన్నాడు. "చేస్త" అన్నాను. అన్నాక తప్పుతుందా? పంట దెబ్బతింటే "నేను చెప్పలేదా" అనే మాట ఏడాది పొడుగునా వినాలి. అది నావల్ల కాదు.

పండుగలో ఆఖరిదైన సద్దుల బతుకమ్మకు ముందురోజు, పాన్‌గల్ నుంచి వచ్చిన కూలీలు మొగ్గలన్నీ గిల్లేసి సాయంత్రం బస్సుకు ఊరెళ్లిపోయారు. అదే బస్టాండులో మా వదిన దిగింది. మా ఆయనకు అక్క, వనపర్తిలో ఉంటుంది.

పండుగ పొద్దున కోడి కూయకముందే లేచాను. ఎసరు మరిగేలోపు వాకిలి ఊడ్చి ముగ్గేశాను. అన్నం ఉడికేలోపు బర్రె పాలు పిండాను. పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది వరుసగా దించుతుంటే నా మీద నాకే ముచ్చటేసింది. క్రాసింగ్ కానిచ్చుకుని మధ్యాహ్నానికి తలస్నానం కూడా చేసేలా ఉన్నాను.

"ఉత్తగ కూసుంటే మనసొప్పదు పిల్లా, జర నాకు గూడ పని జెప్పు" అంది వదిన.

"పూలు తెచ్చి బతుకమ్మను పేర్చు వదినా. చేన్ల ఎర్ర కాగితం ఉన్నవి మాత్రం ముట్టకు" అన్నాను. నాలుక మీద ఇంకో మాట ఉండాల్సింది. పోపు మాడుతుంటే మరిచాను.

వంట ముగించి పెరటి దారిన చేనికి పోయేసరికి మా ఆయన మగ మొక్కల మధ్య ఖాళీ గంపతో నిలబడి ఉన్నాడు. ఒక్క పువ్వు లేదు.

"పూలేవి?" అన్నాను.

"నన్నడుగుతవేంది? గొడ్లు గిట్ల పడ్డయేమో."

గొడ్లు కాడలతో సహా అంత పొందికగా తెంపవు. రెండెకరాల నిండా ఎర్ర కాగితాలు, వాటికి రాయడానికి పుప్పొడి లేదు. పక్క చేనిది వేరే రకం, అడిగి తెచ్చుకునేందుకూ లేదు.

ఇంటికి పరుగెత్తాను. వదిన అరుగు మీద నీడలో కూర్చుని, తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, వరుస మీద వరుస మా మగ పూలన్నీ పేర్చింది. లేత పసుపు రంగులో బతుకమ్మ ఎంత అందంగా ఉందో చెప్పలేను.

"గునుగు పూలు దొరకలే పిల్లా, గడ్డి మందులు గొట్టి సంపినరు. గని గివి సూడు, ఎంత సక్కగున్నయో! కాగితమున్నది ఒక్కటి ముట్టలే."

ఊళ్లో నా నోటికి ఎదురు లేదంటారు. కానీ ఎదురుగా ఉన్నది వదిన. పెద్దది, పండుగకు వచ్చిన ఆడబిడ్డ. పైగా పేర్చిన బతుకమ్మను ఎవరైనా విప్పమంటారా? మాటకు బదులు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఉన్న సంగతి చెప్పేశాను.

వదిన తాంబాళం వైపు చూసింది. పసుపు గౌరమ్మ ఇంకా పక్కన తమలపాకులోనే ఉంది.

"గౌరమ్మను పెట్టిన్నా? పెట్టలే గద. పెట్టేదాక ఇవి ఉత్త పూలే" అని తాంబాళం నెత్తికెత్తుకుంది.

వీధిలో ఆడవాళ్లు నోళ్లు తెరిచారు. "పొద్దుగాలనే ఎటు వోతుందమ్మా బతుకమ్మ?"

"పుట్టింటికి!" అంది వదిన వెనక్కి తిరగకుండా.

గట్టు మీద తాంబాళం దించి, పై వరుస నుంచి ఒక్కో పువ్వూ తీసి మొగ్గలకు రాయడం మొదలుపెట్టాం. వదిన గిన్నె తోమినట్టు రుద్దుతోంది. "బొట్టు పెట్టినట్టు రాయాలె వదినా" అన్నాను. ఆ తర్వాత ఆమె చేయి ఆగలేదు. పైగా మా ఆయన వెనకే నడుస్తూ "తమ్మీ, గిది ఇడిసిపెట్టినవ్, గది ఇడిసిపెట్టినవ్" అని వరస పెట్టింది. అక్క తిడుతుంటే ఆయన మొహం చూడాలి. నాకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది.

ఎండ ముదిరేసరికి తాంబాళంలో గుమ్మడాకులే మిగిలాయి. బోరు పక్క కొన్ని మొగ్గలు అందలేదు, వాటికో దండం పెట్టాం. సద్ది తిని, మళ్లీ రేపటి మొగ్గలు గిల్లి, గుమ్మడి పూలు, బంతి పూలతో పిడికెడంత బతుకమ్మను పేర్చుకుని ఆటకు పోయాం. ఊరు మొత్తంలో మాదే చిన్నది. వదిన మాత్రం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

మర్నాడు బస్సెక్కేముందు అంది: "ప్రతి పండుగకు పని జేస్తనే ఉంట పిల్లా. వండుత, పెడత, పొద్దుగూకే వరకు గిన్నెలు ఖాళీ. చేసింది తెల్లారినంక గూడ ఉండుడు ఇదే మొదటిసారి."

అప్పటి నుంచి రోజూ ఫోను. "నిలవడ్డయా? రాలినయా?" తొందరపడకని చెప్పినా వినదు. నిజానికి నాకూ ఆత్రంగానే ఉంది, పైకి చెప్పలేదు. నాలుగో నాడు ఫోను చెవిలో పెట్టుకునే చేన్లోకి దిగాను. ఆమె రాసిన వరుసలో ఆకులు పక్కకు జరిపి చూశాను. కింద గోళీలంత కాయలు, పచ్చగా, గట్టిగా కాడలను పట్టుకుని ఉన్నాయి.

"నిలవడ్డయి వదినా" అన్నాను.

అటువైపు వదిన ఫోను పక్కన పెట్టి, ఇంట్లో వాళ్లందరికీ వినబడేలా అరుస్తోంది: "నా కాయలు నిలవడ్డయంట!"