ఇద్దరు ఎస్. బేగంలు

2001 జూన్‌లో నన్ను పాతబస్తీ బడుల వ్యవహారాలు చూసే కార్యాలయానికి పరీక్షల విభాగం సూపరింటెండెంటుగా బదిలీ చేశారు. సూపరింటెండెంటు అంటే గుమాస్తాలకు పైన, అధికారికి కింద ఉండేవాడు. ఫైలు మీద మొదటి అభిప్రాయం అతనిదే, చివరి తిట్లూ అతనికే. నాకు మొదటినుంచీ స్థిమితం తక్కువ. ఒక కాగితం అరగంట బల్లమీద ఉంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. దాన్ని నేను చురుకుదనం అనుకునేవాణ్ణి.

పదో తరగతి పరీక్ష రాసే పిల్లల జాబితాను నామినల్ రోల్ అంటారు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, గుర్తుపట్టడానికి రెండు పుట్టుమచ్చలు అందులో ఉంటాయి. అంతకుముందు వరకు బడులవాళ్ళు చేత్తో రాసి పంపేవారు. ఆ ఏడాది మా దగ్గర దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలన్నారు. మూడు వారాల శిక్షణ పొందిన నాకు అంతకంటే పండగ లేదు. ఫారం నేనే తయారుచేశాను. మొదటి గడి ఇంటిపేరు, రెండో గడి పేరు. తండ్రికీ ఇవే రెండు గడులు. ఏ గడీ ఖాళీగా ఉండకూడదు, ఉంటే యంత్రం ముందుకు పోదు. అచ్చులో చోటు కలిసొస్తుందని ఇంటిపేరును ఎక్కించేటప్పుడే పొడి అక్షరంగా కుదించమన్నాను. మాది కృష్ణాజిల్లా. మా వైపు పిల్లవాడికి పేరు పెట్టకముందే ఇంటిపేరు సిద్ధంగా ఉంటుంది. అది లేని మనుషులుంటారని నాకు తట్టనే లేదు.

ఫలక్‌నుమా దగ్గరి ఉర్దూ మాధ్యమం బాలికల బడిలో నర్సింగ్‌రావు అని గుమాస్తా ఉండేవాడు. ఛత్రినాక మనిషి, ఇంట్లో పాల వ్యాపారం, ఉర్దూ నీళ్ళలా వచ్చు. ఫారాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సార్, గీ పిల్లలకు ఇంటిపేరు ఉండదు సార్. గీ గడిల ఏం రాయమంటరు?"

"పేరులో మొదటి మాట ఇంటిపేరు గడిలో రాయండి, మిగిలింది పేరు గడిలో. దీనికి ఇంత ఆలోచన దేనికి?" అన్నాను.

అతను ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. "మీరు చెప్పినట్లే రాస్త సార్," అని వెళ్ళిపోయాడు. నేనిచ్చిన ఈ ఆదేశం కాగితం మీద ఎక్కడా లేదు. నోటితో అన్నదే.

ఎక్కించడం పూర్తయ్యాక, ఏటా కొన్ని పేర్లు రెండుసార్లు వస్తుంటాయి గనక, ఒకే బడిలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ కలిస్తే రెండోది తీసెయ్యమని ఆపరేటరుకు చెప్పాను. పుట్టుమచ్చలు కూడా పోల్చమంటారా అని ఆ అమ్మాయి అడిగింది. అది పాతకాలపు చాదస్తం, అక్కర్లేదన్నాను. తీసేసిన పేర్ల జాబితా ఒక్క కాగితంలో వచ్చింది. చదవకుండానే సంతకం చేశాను.

2002 మార్చిలో, పరీక్షలకు తొమ్మిది రోజుల ముందు హాల్‌టికెట్లు బడులకు చేరాయి. మర్నాడే నర్సింగ్‌రావు వచ్చాడు. వెంట లక్క గాజులు చేసే మీర్ గౌస్, ఆయన కూతురు సఫియా బేగం. హాల్‌టికెట్ మీద "ఎస్. బేగం, తండ్రి ఎం. గౌస్" అని ఉంది. అప్పట్లో మా హాల్‌టికెట్ల మీద ఫొటో అచ్చయ్యేది కాదు, బడిలో అంటించేవారు. అదే తరగతిలో షాహీన్ బేగం అని ఇంకో పిల్ల ఉంది. ఆమె తండ్రి మహమ్మద్ గౌస్. బడిలో చేర్చేనాడు తేదీ తెలియకపోతే వయసు అంచనా వేసి జూన్ ఒకటి అని రాయడం పాత అలవాటు. ఇద్దరికీ అదే ఏడు, అదే జూన్ ఒకటి. నా ఫారంలో ఇద్దరూ కలిసి ఒక్కరయ్యారు. ఒక టికెట్టు, ఇద్దరు పిల్లలు.

"సార్, గీ ఎస్. బేగం నేనా, షాహీనా?" అని సఫియా అడిగింది.

బడిలో ఉంచుకున్న చేతిరాత రోలు తెప్పించి చూశాను. హెడ్‌మిస్ట్రెస్ తాహెరా మేడమ్ పుట్టుమచ్చలు స్వయంగా చూసి రాశారు. షాహీన్‌కు మెడమీద మచ్చ. సఫియాకు ఎడమ బొటనవేలి మీద లక్కతో కాలిన మచ్చ. కంప్యూటర్‌లో నిలిచిన వరుసలో ఉన్నది మెడమీద మచ్చ. అంటే పోయింది సఫియా. వేలు చూపించమని నేను అడక్కముందే ఆ పిల్ల చెయ్యి బల్లమీద పెట్టింది.

మీర్ గౌస్ తగ్గు గొంతుతో అన్నాడు: "పెద్ద బిడ్డలిద్దరు ఏడోదిల బంద్ జేసిండ్రు సాబ్. గీమెను మేడమ్ మా ఇంటికొచ్చి అడిగితె ఉంచిన. గీ సారి కాకుంటె ఇగ గాజుల కాడనే కూసుంటది."

జాబితా మూసేశాక పేరు కలపాలంటే పై కార్యాలయం అనుమతి కావాలి. నోట్‌ఫైలులో తప్పు ఎవరిదో రాయాలి. బడిదైతే పిల్ల తర్వాతి పరీక్షదాకా ఆగాలి. మా కార్యాలయానిదైతే వెంటనే కలుపుతారు, రాసినవాడు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ నెలలోనే పదోన్నతి జాబితాలో నా పేరు ఉంది. సంజాయిషీ ఉన్నవాడి పేరు పక్కకు పోతుంది.

అరగంట కాగితాన్ని ఓర్చుకోలేని నేను ఆ ఫైలును నాలుగు రోజులు సొరుగులో పెట్టాను. కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరిగాను. టీ తాగాను, కుర్చీ మార్చాను, మిగతా ఫైళ్ళన్నీ చకచకా తేల్చేశాను. నర్సింగ్‌రావు ఫోన్ చేసినప్పుడల్లా "ఫైలు నడుస్తోంది" అన్నాను. సిగ్గుచేటు మాట. ఫైలు నా మోకాలికి జానెడు దూరంలో ఉంది.

అయిదో రోజు పొద్దున్నే అతను వచ్చి నిలబడ్డాడు.

"సార్, తప్పు నాదే అని రాసియ్యమంటె రాసిస్త. నాకేం ఫికర్ లేదు. పిల్ల పరీక్ష రాస్తె చాలు."

ఆ కాగితం ఇస్తే నేను బయటపడతాను, పిల్ల ఆగిపోతుంది. అది అతనికి తెలియదు. నాకు తెలుసు. అక్కర్లేదని చెప్పి అతన్ని పంపేశాను. అతను వెళ్ళగానే "ఫారం రూపకల్పనలో, మౌఖిక ఆదేశంలో, తనిఖీలో లోపం నాదే" అని రాసి, సంతకం చేసి, ఫైలు నేనే చేత్తో పట్టుకుని పై కార్యాలయానికి వెళ్ళాను. రోజూ వెళ్ళి అక్కడి బెంచీ మీద కూర్చున్నాను.

ఉత్తర్వు పరీక్షల మొదటిరోజు పదకొండింటికి చేతికొచ్చింది. పరీక్ష తొమ్మిదిన్నరకే మొదలైంది. ఆటోలో సెంటరుకు చేరేసరికి సఫియా గేటు బయట అట్ట, పెన్నులు పట్టుకుని నిలబడి ఉంది. ఎనిమిదింటినుంచీ అక్కడే ఉందని తాహెరా మేడమ్ చెప్పారు. అరగంట దాటితే ఎవరినీ లోపలికి రానివ్వరు. లోపల జరుగుతున్నది మొదటి భాష పరీక్ష. ఉర్దూ.

ఉత్తర్వు చదివి వినిపించాను. ఆ పిల్ల ఒక్కటే అడిగింది: "రేపు రానిస్తరా సార్?"

రానిచ్చారు. మిగతావన్నీ పాసైంది. ఉర్దూ జూన్‌లో సప్లిమెంటరీలో రాసి గట్టెక్కింది. ఇంటర్‌లో చేర్చడానికి తండ్రి ఒప్పుకున్నాడు. నా పదోన్నతి రెండేళ్ళు వెనక్కి పోయింది. దానికి పెద్దగా బాధపడలేదు.

మరుసటి ఏడు ఫారంలో ఇంటిపేరు గడి తీసేశాను. మనిషి తన పేరు ఎలా చెబితే అలా రాసేందుకు ఒకే గడి పెట్టాను. పుట్టుమచ్చలు కలవకుండా ఏ పేరూ తీయకూడదన్నాను. తీసే ముందు ఆ జాబితా బడికి వెళ్ళాలి, తరగతిలో పైకి చదవాలి, పిల్లలు విని చెప్పాలి. ఇవి మూడూ నర్సింగ్‌రావు నోరు తెరిచిన రోజే తెలుసుకోవలసినవి. అతన్ని ఒక్క నిమిషం మాట్లాడనిచ్చి ఉంటే సరిపోయేది.

సఫియా మార్కుల మెమో నా చేతిమీదుగానే బడికి వెళ్ళింది. పేరు పూర్తిగా, సరిగ్గా ఉంది. ఉర్దూ దగ్గర మాత్రం రెండో ప్రయత్నంలో ఉత్తీర్ణత అని ఉంది. ఇంట్లో మాట్లాడుకునే భాషలో ఆ పిల్ల తప్పిందనే చూసేవాళ్ళు అనుకుంటారు. ఫైలు నాలుగు రోజులు నా సొరుగులో ఉందని రాయడానికి మెమోలో గడి లేదు.