నవ్వానని రాయని సమీక్ష

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అమలాపురంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను తెలుగు టీచర్ని. గడియార స్తంభానికి దగ్గర్లో ప్రింటింగ్ ప్రెస్ నడిపే పెద్దాయన ఒకరు వారానికోసారి నాలుగు పేజీల పత్రిక వేసేవారు. శుభలేఖలు, కరపత్రాలు ఆయనకు బతుకుతెరువు. పత్రిక ఆయన సరదా. స్కూలు ప్రశ్నపత్రాల ప్రూఫులు దిద్దడానికి వెళ్లినప్పుడల్లా నాచేత చిన్న చిన్న వ్యాసాలు రాయించుకునేవారు. ఒకరోజు, "సినిమాల గురించి అందరూ రాస్తారండీ. మన కేబుల్లో ఆదివారం ఆదివారం కామెడీ వేస్తున్నారు గదా, దాని మీద మీరు సమీక్ష రాయకూడదూ?" అన్నారు. నాకూ ఉత్సాహంగానే అనిపించింది. సరేనన్నాను.

ఆ కామెడీ మా ఊరి కేబుల్ యజమాని సొంత ఛానల్లో వచ్చేది. బట్టల కొట్టు మీది మేడగదిలో నీలం తెర కట్టి, ఒక్క కెమెరా పెట్టి, సాయంత్రం ఆరింటికి అరగంటసేపు లైవ్‌లో నడిపేవారు. రికార్డు చేసి, తప్పులు కత్తిరించి వేసే ఏర్పాటు ఆయన దగ్గర లేదు. మాట మరిచిపోతే మరిచిపోయినట్టే, కుర్చీ విరిగితే విరిగినట్టే ఊరంతా చూసేది. కరెంటు పోతే ఆట మధ్యలో ఆగేది. వచ్చాక "ఎక్కడిదాకా వచ్చేమండీ?" అని ఒకరినొకరు అడిగి మళ్లీ మొదలుపెట్టేవారు.

మా ఇంట్లో కేబుల్ లేదు. అమ్మా నేనూ అద్దెకున్న ఇంటి పక్క వాటాలో ఒకావిడ ఉండేది. నాకంటే నాలుగైదేళ్లు చిన్నది. భర్త కువైట్‌లో డ్రైవరు. అత్తమామలు, మరిది, బడికి వెళ్లే కూతురు ఆవిడతోనే ఉండేవారు. కువైట్ నుంచి వచ్చిన పెద్ద కలర్ టీవీ వాళ్ల ముందుగదిలో ఉండేది. ఆదివారం సాయంత్రమయ్యేసరికి మా వీధి ఆడవాళ్లు ఎనిమిది పదిమంది అక్కడ చేరేవారు. వాళ్లలో సగంమంది భర్తలు గల్ఫ్‌లోనే. నేను తలుపు పక్కన స్టూలు వేసుకుని, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని కూర్చునేదాన్ని.

ఆ కామెడీలో ముఖ్యపాత్ర కువైట్ కోడలు. ఆ వేషం వేసేది ఒక దర్జీ. యాభై దాటిన మనిషి, కుర్రతనంలో నాటకాల్లో ఆడవేషాలు కట్టినవాడు. చీర కుచ్చిళ్లు సర్దుకోవడం, కొంగు దోపుకోవడం మా కంటే నాజూగ్గా చేసేవాడు.

నేను మొదట సమీక్ష రాసిన ఆదివారం రెండు ముక్కలు వేశారు. మొదటిదాంట్లో ఎండలు మండిపోతుంటే కోడలు పులిబొమ్మ ఉన్న దళసరి దుప్పటి నిండా కప్పుకుని అరుగు మీద కూర్చుంటుంది. చెమటలు కారిపోతుంటాయి. వచ్చేపోయేవాళ్లు "జ్వరమా అమ్మా?" అని అడుగుతారు. "అబ్బే, ఆయన పంపించేరండీ!" అంటుంది. రెండోదాంట్లో కువైట్ నుంచి ఫోనొస్తుంది. మామగారు తీసుకుని అక్కడ వానలు పడ్డాయా అని అడుగుతాడు. అత్తగారు ఏమీ మాట్లాడకుండా ఏడుస్తుంది. మరిది వాచీ కావాలంటాడు. పక్కింటాయన కూడా లోపలికొచ్చి తన బావమరిదికి వీసా సంగతి అడుగుతాడు. కోడలు చెయ్యి చాపుకుని ఒకరి తర్వాత ఒకరి చుట్టూ తిరుగుతుంటుంది. చివరికి ఫోను చేతికొచ్చేసరికి, "ఏవండీ, బాగున్నారా? ఆయ్... ఆయ్... ఉంటానండీ!" అంతే, లైను తెగిపోతుంది.

ఆ ఫోను అందుకోబోయే తొందరలో దర్జీ పెట్టుకున్న విగ్గు మొత్తం గిర్రున తిరిగి ముఖం మీదికి వచ్చేసింది. జడ ముక్కు ముందు వేలాడుతోంది. పక్కనున్న నటులు బిగుసుకుపోయారు. ఆయన మాత్రం జడని చేత్తో పైకెత్తి, కెమెరా వంక చూసి, "ఆయన గొంతు వినేసరికి నా తలే తిరిగిపోయిందండీ!" అన్నాడు. గదిలో ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. పక్కింటావిడ అత్తగారైతే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నన్నేనమ్మా అనేది, నన్నే" అంటూ దగ్గుతూ నవ్వింది. పక్కింటావిడ కళ్లు తుడుచుకుంటోంది.

నేను చూసింది ఆ కళ్లు తుడుచుకోవడమే. ఇంటికొచ్చి వెంటనే రాసేశాను. కన్నీళ్ల మీద కామెడీ అని పేరు పెట్టాను. వీధికి నలుగురు ఆడవాళ్లు మొగుడి కబురు కోసం ఎదురుచూసే ఊళ్లో, మీసం తీసేసి చీర కట్టిన ఒక మగవాడు వాళ్ల ఒంటరితనాన్ని వెక్కిరించడం కళ ఎలా అవుతుందని అడిగాను. నా పక్కన కూర్చున్న స్త్రీలు నవ్వింది ఏడుపు దాచుకోవడానికే అని రాశాను. వాక్యాలు బాగా కుదిరాయి. రెండుసార్లు పైకి చదువుకున్నాను.

పత్రికాయన మొదటి పేజీలో వేశారు. మా హెడ్మాస్టరుగారు స్టాఫ్ రూములో చదివి వినిపించారు. కాలేజీ లెక్చరర్లు ఇద్దరు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. పెద్దమనుషులు కొందరు కేబుల్ యజమానికి ఫోన్లు చేసి మందలించారని తెలిసింది. మరుసటి ఆదివారం ఆరింటికి టీవీలో కువైట్ కోడలు లేదు. సినిమా పాటలు వేశారు. చేరిన ఆడవాళ్లు రెండు పాటలు చూసి లేచి వెళ్లిపోయారు. నాతో ఎవరూ మాట్లాడలేదు. మొహమాటం అనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత పెరట్లో పంపు దగ్గర బట్టలు జాడిస్తుంటే పక్కింటావిడ బిందె పట్టుకుని వచ్చింది. బిందె కింద పెట్టి అలాగే నిలబడింది.

"టీచరుగారండీ, మీరు రాసింది మా మరిది చదివి వినిపించేడండీ."

"ఎలా ఉంది?" అన్నాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

"నేను ఏడుస్తున్నానని మీకెవరు చెప్పేరండీ?"

"కళ్లు తుడుచుకున్నారు కదా..." అన్నాను.

"నవ్వితే నీళ్లు రావాండీ?" అంది. గొంతు పెంచలేదు. ఆవిడ అంత మర్యాదగా అడగడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "ఆ దుప్పటి సంగతి నేనే చెప్పేనండీ ఆయనకి. జాకెట్టు కొలతలివ్వడానికెళ్లినప్పుడు. ఫోను సంగతి కూడా మా ఇంట్లోదే. ఈసారి ఇది పెట్టండి బాబాయిగారూ అని మేమే చెప్పి వస్తాం. అవతలి వీధావిడ సెంటు సీసా సంగతి చెప్పింది, అది వచ్చేవారం పెడతానన్నారు. ఇప్పుడు లేదు."

"నాకు తెలీదండీ" అన్నాను.

"ఆయ్, తెలీదు. అడగలేదు గదండీ" అంది. బిందె నింపుకుంటూ మళ్లీ ఆగింది. "మొన్న బజార్లో ఒకాయన నన్ను చూసి, పాపం అన్నాడండీ. ఇంతకు ముందు ఎవరూ అలా అన్లేదు."

ఆవిడ వెళ్లిపోయాక బట్టలు అలాగే వదిలేసి మెట్ల మీద కూర్చున్నాను. ముందు కోపం వచ్చింది. వాళ్ల తరఫున రాస్తే నన్నే అంటుందా అనుకున్నాను. సాయంత్రానికి ఆ కోపం నిలబడలేదు. ఆవిడ మాటల్లో తప్పెక్కడుందో వెతికి వెతికి దొరక్క, మర్నాడు స్కూలు వదిలాక దర్జీ దుకాణానికి వెళ్లాను.

సందులో ఇరుకు గది. రెండు మిషన్లు, గోడకి వేలాడే జాకెట్లు. ఆయన కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని కాజాలు కుడుతున్నాడు. నేనెవరో చెప్పగానే లేచి, కుర్చీ మీది గుడ్డలు తీసేసి, "కూర్చోండమ్మా" అన్నాడు. టీ తెప్పించబోతే వద్దన్నాను.

"మీ మనసు కష్టపెట్టానేమోనని వచ్చానండీ."

"అబ్బే, మీరు చదువుకున్నవారు. ఆలోచించే రాసుంటారు" అన్నాడు. కుడుతున్న జాకెట్టు వంకే చూస్తున్నాడు. "నాటకాలు పోయేక ఇరవయ్యేళ్లు ఈ మిషను తొక్కడం తప్ప ఏం చెయ్యలేదండీ. ఈ ఆడపడుచులే మళ్లీ నాకు చీర కట్టించేరు. ఇక్కడ కూర్చుని వాళ్ల అత్తగార్ల మాట, మొగుళ్ల మాట చెప్పి పకపకా నవ్వేవారు. ఇప్పుడు కొలతలిచ్చి వెళ్లిపోతున్నారు. నాతో చెబితే ఎక్కడ పేపర్లో పడుతుందోనని."

నేను లేవబోయాను. ఆయనే అడిగాడు.

"ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆరోజు మీరు నవ్వేరా?"

నవ్వాను. జడ తిరిగినప్పుడు ఒళ్లోని నోటుబుక్కు జారిపోయేంత నవ్వాను. ఫోను చేతులు మారుతుంటే కూడా నవ్వాను. ఆ సంగతి గురించి సమీక్షలో ఒక్క వాక్యం కూడా లేదు. రాసేటప్పుడు అది గుర్తు రాలేదని చెప్పలేను. గుర్తొచ్చింది, ఆ వ్యాసంలో దానికి చోటు లేదనిపించి పక్కన పెట్టాను.

"నవ్వానండీ" అన్నాను.

"ఆయ్. అది చాలండీ నాకు" అన్నాడు ఆయన. అప్పుడు మొదటిసారి నా ముఖం చూశాడు.

ఆ వారం రెండో వ్యాసం రాశాను. పత్రికాయన చదివి ముఖం చిట్లించారు. "మొన్న తిట్టి ఇవాళ పొగిడితే మన పరువేం కానండీ?" అన్నారు. పొగడ్త కాదు, నేను నవ్వాను, ఆ సంగతి దాచాను, అదొక్కటే చెబుతున్నానన్నాను. చివరికి మూడో పేజీలో, పంచాంగం కింద వేశారు. ఎవరూ ఉత్తరాలు రాయలేదు. హెడ్మాస్టరుగారు చదివి వినిపించలేదు. కేబుల్ యజమాని మాత్రం ఆ కాగితం చూపించి పెద్దమనుషుల నోరు మూయించాడట. నెల తిరిగేసరికి కువైట్ కోడలు మళ్లీ వచ్చింది.

వచ్చింది గానీ పాతలా లేదు. దర్జీ జాగ్రత్తగా ఆడుతున్నాడు. ప్రతి ముక్క చివరా చేతులు జోడించి, కుటుంబం కోసం గల్ఫ్ వెళ్లిన సోదరుల త్యాగం గురించి నాలుగు మాటలు చెప్పేవాడు. ఆడవాళ్లు మర్యాదగా కూర్చుని చూసేవారు. పక్కింటావిడ ఒక ఆదివారం మధ్యలో లేచి వంట చూసుకోవడానికి వెళ్లింది. ఆ చప్పిదనం నా వల్లే వచ్చిందని తెలుసు. దాని గురించి పత్రికలో ఏం రాయాలో తోచక, రెండు వారాలు ఒంట్లో బాగాలేదని చెప్పి రాయలేదు.

తర్వాత ఒక ఆదివారం నీలం తెర ముందుకి కొత్త పాత్ర వచ్చింది. దర్జీ ఈసారి నేత చీర కట్టాడు, కళ్లజోడు పెట్టాడు, భుజాన సంచి, చేతిలో పుస్తకం, పెన్ను. నడుస్తూ గోడ మీది అక్షరదోషాలు దిద్దుతోంది ఆ పాత్ర. గదిలో ఒక్కరూ కదల్లేదు. అందరికీ అర్థమైంది, నాకూ అర్థమైంది. టీచరమ్మ ఒక ఇంట్లోకి వెళ్తుంది. అక్కడ ఇంకో నటుడు వేసిన కోడలు తల వంచుకుని ముక్కు ఎగబీలుస్తూ కూర్చుని ఉంటుంది. టీచరమ్మ ఆమె భుజం మీద చెయ్యేసి, "ఏడవకమ్మా. నీ బాధ నాకు తెలుసు" అని గంభీరంగా అంటుంది. కోడలు తల ఎత్తి, "ఏడవట్లేదండీ, ఉల్లిపాయలు తరుగుతున్నానండీ" అంటుంది. టీచరమ్మ అది వినిపించుకోకుండా, "రాసుకుంటున్నాను, చెప్పు" అని పెన్ను మూత పళ్లతో లాగుతుంది.

నా చెవులు వేడెక్కిపోయాయి. లేచి వెళ్లిపోదామనుకున్నాను. ఆడవాళ్లు టీవీ చూడటం మానేసి నన్నే చూస్తున్నారు, ఎవరూ నవ్వడం లేదు. నేను నవ్వితే తప్ప వాళ్లు నవ్వేలా లేరు. మొదట మొహమాటానికే నవ్వాను, ఒప్పుకోవాలి. ఆ తర్వాత టీచరమ్మ ఆ ఉల్లిపాయ ముక్కలు వాసన చూసి, తనే కళ్లు తుడుచుకుంటూ, "ఎంత వేదన, ఎంత వేదన" అని రాసుకుంటుంటే నిజంగానే ఆపుకోలేకపోయాను. గదంతా గొల్లుమంది. పక్కింటావిడ నా మోకాలి మీద చరిచి, "ఉల్లిపాయ నాదండీ, నేనే చెప్పేను!" అంది. ఆ క్షణాన ఆవిడ మీద కోపం, ఇష్టం రెండూ ఒక్కసారే కలిగాయి.

ఆ ఎపిసోడ్ మీద కూడా సమీక్ష రాశాను. దానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. దర్జీ నా నడక బాగా పట్టాడనీ, పెన్ను మూత పళ్లతో తీసే అలవాటు నాకుందని ఆయన వల్లే తెలిసిందనీ, మొదటి రెండు నిమిషాలు నాకు బాధేసిందనీ రాశాను. ఆ తర్వాత దుకాణంలో మళ్లీ మాటలు మొదలయ్యాయని విన్నాను. ఆ కామెడీ ఇంకో ఏడాదిన్నర నడిచింది. తర్వాత ఊరి కేబుల్‌ని బయటి కంపెనీ ఎవరో కొనుక్కుని సొంత ఛానల్ ఎత్తేశారు. పక్కింటావిడ భర్త వచ్చేశాక వాళ్లు రాజోలు వైపు వెళ్లిపోయారు.

ఆ తర్వాత చాన్నాళ్లకి ఒక మధ్యాహ్నం రావులపాలెం బస్సులో వెళ్తున్నాను. పక్క సీట్లో కూర్చున్న ఒకామె నా వంక చాలాసేపు చూసి, "మీరు పేపర్లో రాసే టీచరుగారు కదండీ?" అంది. ఔనన్నాను. మొదటి సమీక్ష కత్తిరించి, భర్త గల్ఫ్ నుంచి రాసిన ఉత్తరాలతో పాటు పెట్టెలో దాచుకున్నానంది.

"అప్పట్లో మేమూ అమలాపురంలోనే ఉండేవాళ్లమండీ. ఆరోజు మా ఇంట్లో అందరూ నవ్వుతుంటే నేను పెరట్లోకి వెళ్లిపోయేనండీ. నాలాగా ఇంకొకరికి కూడా అనిపించిందని మీరు రాసింది చదివేకే తెలిసింది."

"తర్వాత ఇంకోటి రాశాను, చూశారా?" అని అడిగాను.

"లేదండీ. ఏం రాసేరు?"

చెబుదామని నోరు తెరిచాను. ఆమె నా వంకే ఆశగా చూస్తోంది. పక్కింటావిడకి నేను రాసింది తప్పు, ఈమెకి అదే నిజం. ఈ రెండూ ఒక్క మాటలో ఎలా చెప్పాలో తెలియలేదు. "ఆ కామెడీ గురించేనండీ" అన్నాను. మీవారు వచ్చేశారా అని అడిగాను. ఇంకో రెండేళ్లండీ అంది. కొత్తపేట దగ్గర దిగుతూ, మా ఇంటికి ఒకసారి రండి అని వీధి గుర్తులు చెప్పింది. ఈసారి పుస్తకం తీసి రాసుకోకుండా, ఆమె చెప్పింది చివరిదాకా విన్నాను. వచ్చే ఆదివారం వస్తానన్నాను. వెళ్లాను కూడా.