దెబ్బ తగలని మనిషి

గేట్ బజార్‌లో మాది పప్పుల దుకాణం. గల్లా దగ్గర కూర్చుని ఫోన్లో కత్తియుద్ధం చేస్తానంటే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. ఆ ఆటలో బొమ్మలుండవు, చప్పుళ్ళుండవు. తెలుగువాళ్ళం కొందరం ఒక గ్రూపులో చేరి, తలా ఒక పాత్ర పెట్టుకుని, మాటలతోనే కథ నడుపుకుంటాం. పోరాటం వస్తే వంతుల ప్రకారం రాయాలి. నా వంతులో నేను కత్తి విసిరానని రాయొచ్చు గానీ, తగిలిందని రాయకూడదు. తగిలిందో, తప్పుకున్నారో ఎదుటివాళ్ళే తమ వంతులో రాసుకోవాలి. ఆటంతా ఎదుటి మనిషి నిజాయితీ మీదే నడుస్తుంది.

ఈ ఏడాది నాకు ఎదురుపడింది సముద్రపొడ్డు పల్లె మార్కండిలో చేపల వ్యాపారం చేసుకునే ఒకామె. ఆమె పాత్ర తెడ్డు పట్టుకుని పోరాడే ముసలమ్మ. ఆ తిట్లూ, ఆ వెటకారం చనిపోయిన వాళ్ళమ్మవేనని ఆమే మాకు చెప్పింది. ఓడిన పాత్ర మళ్ళీ కథలోకి రాకూడదని అందరం ముందే ఒప్పుకున్నాం.

ఆమె తెడ్డు విసిరింది. నా వీరుడు పక్కకి జరిగాడు. మళ్ళీ విసిరింది. ఉత్తరీయం చిరిగిందని రాశాను. నా కత్తికి మాత్రం భుజం తెగిందనీ, మోకాళ్ళ మీద కూలిందనీ ఆమె వెంటనే రాసేసేది. "సావుకారుగారి ఒంటి మీద ఈగ కూడా వాలదు" అని గ్రూపులో ఆటపట్టించారు. నాకు కోపం వచ్చింది. పొద్దున్నే దుకాణంలో కూర్చుని, బోణీ కాకుండా, నెత్తురు కారిందనీ నేలకూలాననీ ఎలా రాస్తాను? మా ఇళ్ళలో బియ్యం అయిపోయినా నిండుకున్నాయనే అంటాం. అదే వాళ్ళకి చెప్పాను, నమ్మారు. సిగ్గులేకుండా నేనూ నమ్మాను. మధ్యాహ్నం బేరాలు జోరుగా సాగుతున్నప్పుడు కూడా తప్పుకుంటూనే ఉన్నావేమని ఎవరూ అడగలేదు.

చివరికి ఆమె వాయిస్ పెట్టింది. "ఏటన్నా, ఒక్క దెబ్బయినా తగల్లేదా? సరే, మీరు ఇసరండి. నాను సూసుకుంటాను."

అక్కడ ఆగొచ్చు. తెడ్డు దెబ్బకి పడ్డానని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. కానీ నాకు గెలవాలని ఉంది. విసిరాను.

ముసలమ్మ తప్పుకోలేదు. తెడ్డు ఇసకలో గుచ్చి, దాన్ని ఆనుకుని కూర్చుందనీ, నా వీరుణ్ణి ఒక బూతు తిట్టిందనీ, మరి లేవలేదనీ ఆమె రాసింది. గ్రూపంతా చప్పట్ల బొమ్మలు. నన్ను అభినందిస్తుంటే నమస్కారం బొమ్మ పెట్టి అందుకున్నాను కూడా.

కాసేపటికి ఆమె నాకు విడిగా మెసేజ్ పెట్టింది. "అన్నా, మాయమ్మ పడిపోడం సక్కగా రాసినానా?"

ఎదురుగా నిలబడ్డ మనిషి కందిపప్పు ధర అడుగుతుంటే తలెత్తలేకపోయాను. బాగా రాశావమ్మా అని పంపాను.

"సాలన్నా. అదే బెంగ నాకు" అంది.

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.