తిరుపతన్న మెచ్చుకున్న స్త్రీవాదం

నేను మాట్లాడి ఒక మనిషి చెయ్యి విరగ్గొట్టించాను. కర్ర పట్టలేదు, రాయి విసరలేదు, ఉత్త నోటితోనే. ఎట్లాగో చెప్తాను, నవ్వుకోండి. ఆపే అర్హత నాకు లేదు.

అప్పుడు హైదరాబాద్‌లో ఎమ్మే చదువుతున్నాను. టీవీలో ఆడవాళ్ళను ఎట్లా చూపిస్తున్నారో ఒక పెద్ద వ్యాసం రాసి, మార్కులు కొట్టి, సెలవులకు జగిత్యాల దగ్గరి మా ఊరికి వచ్చాను. ఊరిని బాగుచేయకుండా తిరుగు బస్సెక్కేది లేదన్నంత ఊపు మీదున్నాను.

మా అన్న దుబాయిలో ఉంటాడు. ఆయన కొనిచ్చిన పెద్ద టీవీ ముందు రోజూ సాయంత్రం వాడకట్టు ఆడవాళ్ళంతా ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు. టీవీలో సీరియల్. అందులో కోడలు ఒంటినిండా నగలతో వంట చేస్తుంది, చెంపదెబ్బ తింటుంది, కొట్టినవాడి కాళ్ళకే మొక్కుతుంది. మా వదిన పెట్టే సౌండ్‌కి ఆ చెంపదెబ్బ బస్టాండు దాకా వినపడేది.

నేను టీవీకి అడ్డంగా నిలబడ్డాను. "ఇది చూసి ఏం నేర్చుకుంటున్రు? దెబ్బలు పడుడు గొప్పతనమా? గా హీరోయిన్ షూటింగ్ అయిపోంగనే కార్ల పోతది. తన్నులు తినేది మీరు."

"మంచిగనే చెప్తున్నవ్ గని, జర పక్కకు జరుగు పిల్లా, కనవడ్తలేదు" అంది ఒక పెద్దమ్మ.

సుజాత అని కొత్తగా పెళ్ళయి వచ్చిన పిల్ల ఉండేది. ఆమె మాత్రం లోపలి గది గుమ్మంలోంచి మెల్లగా, "టీవీ బంద్ చెయ్యకు అక్కా" అంది. చూశారా, ఎంత బానిసత్వమో అనుకున్నాను.

సీరియల్ అయిపోగానే ఆమెను తీసుకెళ్ళడానికి భర్త తిరుపతి రోజూ మా గేటు దగ్గరికి వచ్చేవాడు. ఎంత ప్రేమో అని అదీ అనుకున్నాను. ఆడవాళ్ళకు నా మాట ఎక్కకపోయేసరికి వెళ్ళి ఆయనకే చెప్పాను.

"తిరుపతన్నా, గీ సీరియళ్ళు ఆడోళ్ళ బుద్ధి ఖరాబ్ చేస్తున్నయ్."

"నేనూ అదే అంటున్న చెల్లె. మా ఇంట్ల ఎవరింటరు? చదువుకున్నదానివి, సక్కగ చెప్పినవ్. రేపటి సంది పంపియ్య."

నా స్త్రీవాదాన్ని పూర్తిగా ఒప్పుకున్న మొదటి మగాడు ఆయనే. వాడకట్టంతా నా పేరు చెప్పి ప్రచారం కూడా చేశాడు. మిగతా మొగుళ్ళూ అత్తలూ వెంటనే తలలూపారు. మర్నాడు టీవీ ముందు మా వదిన ఒక్కతే చాట పెట్టుకుని కూర్చుంది.

"సంబురమైందా?" అంది.

"గా సీరియల్ అంత మంచిగున్నదా వదినా?"

"దాని కత ఏందో నాకెరుకలే, ఎవ్వలకూ ఎరుకలే. సుజాత ఫోన్‌ను ఆ తిరుపతి పలగ్గొట్టిండు. సీరియల్ నడిచినంత సేపు లోపలి అర్రల కూసొని నా ఫోన్‌ల వాళ్ళ తల్లితోని మాట్లాడుతది, ఏడుస్తది. గా ఏడుపు గేటు దాక పోవద్దని సౌండ్ పెడ్త."

"మరి నాకు చెప్పకపోతిరి."

"నువ్వు ఊపిరి తీసుకుంటె గద చెప్పేది."

కొద్ది రోజులకే సుజాత కుడి చెయ్యి విరిగింది. బాత్రూంలో జారిపడ్డదన్నాడు తిరుపతి. వదిన ఫోన్ చేస్తే సుజాత నాన్న వచ్చాడు. మొగుడు పక్కనే కూర్చుంటే, "జారి పడ్డ బాపు" అని ఆ పిల్ల కూడా అదే చెప్పింది. ఆయన తిరిగి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల నోరు విప్పే ఒక్క గదినీ మూయించింది నేనే.

"నువ్వే చెడగొట్టినవ్, నువ్వే పోయి అడుగు" అని వదిన నన్ను తిరుపతి ఇంటికి తోలింది.

"అన్నా, నేను తప్పు చెప్పిన. గా సీరియల్‌ల కోడలు ఎంత కొట్టినా ఎదురు మాట్లాడది. మొగని కాళ్ళు మొక్కుతది. సుజాత చూడాల్సిందే."

"మొన్న గట్లంటివి?"

"మొన్న సరిగ్గ చూడలే అన్నా. చానా మంచి బుద్ధులు నేర్పుతది."

నా వ్యాసానికి మార్కులేసిన మేడమ్ అక్కడుంటే నా సర్టిఫికెట్ చింపేసేది. ఆయన మాత్రం పంపాడు.

లోపలి అర్రలో ఫోన్ నేనే సుజాత చెవికి పట్టుకున్నాను. "బాపు, నేను జారి పడలే. నన్ను తీస్కపో" అంది. తెల్లారి ఆయన ఆటో తెచ్చి కూతుర్ని తీసుకెళ్ళాడు. చెయ్యి మాత్రం వంకరగా అతుక్కుంది. ఇప్పుడు మునుపటిలాగా బీడీ చుట్టలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

తిరుపతి ఇప్పటికీ ఎదురుపడితే నిలబెట్టి మరీ అంటాడు: "నువ్వు మొదలు చెప్పిందే కరెక్టు చెల్లె. సీరియల్ చూసి చూసే మా ఆమె ఖరాబైంది."

అందుచేత, రిమోట్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఆడవాళ్ళ బాగు గురించి నేను ఉపన్యసిస్తుండగా ఏ మొగుడైనా మెచ్చుకోలుగా తలాడించాడంటే, ఆ క్షణమే నోరు మూసుకుని అతని పెళ్ళాం ఎట్లా ఉందో చూసి వస్తాను.