గిన్తీలో పదమూడో గొంతు

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే టీ వంకతో లేచిపోయే రకం నేను. మాది అనంతపురం. కొండాపూర్‌లో ఒక ఐటీ భవనానికి మెయింటెనెన్స్ మేనేజర్‌ని. లిఫ్టులు, జనరేటర్లు, నీళ్ల ట్యాంకర్లతోనే నా బతుకు తెల్లారిపోతుంది. ఇంక దయ్యాలకు టైమెక్కడిది?

మా సెక్యూరిటీ సూపర్‌వైజర్ మల్లయ్య గారు మెదక్ వైపు మనిషి. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చారు. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారగానే గార్డులను పోర్టికోలో వరసగా నిలబెట్టి గిన్తీ, అంటే తలల లెక్క, తీసేవారు. ఏక్, దో, తీన్ అంటూ ఒక్కొక్కరూ తన అంకె గట్టిగా చెప్పాలి. రిజిస్టర్లో సంతకాలుండగా ఈ కవాతు ఎందుకండీ అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

షిఫ్టుకు పన్నెండు మంది. ఒకరోజు అక్కడే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాను. పన్నెండోవాడి ‘బారా’ తర్వాత ‘తేరా’, అంటే పదమూడు, అని వినిపించింది. జలుబు చేసినట్టు బొంగురు గొంతు. తలెత్తి లెక్కపెట్టాను. పన్నెండు మందే ఉన్నారు. మల్లయ్య గారు మాత్రం మామూలుగా ‘గిన్తీ సహీ’, లెక్క సరిపోయింది, అని అందరినీ పంపేశారు.

ఎవడో తుంటరి పని అనుకున్నాను. మర్నాడు ఎదురుగా నిలబడి అందరి నోళ్లూ గమనించాను. పన్నెండో మనిషి నోరు మూశాక, వరస చివర ఖాళీ జాగాలోంచి ‘తేరా’ వచ్చింది. గార్డులను అడిగితే తమకేమీ వినపడలేదన్నారు.

మల్లయ్య గారిని క్యాంటీన్‌కు తీసుకెళ్లి అడిగాను.

“మీకు గూడ వినవడ్డదా సార్? గది నర్సింలు గొంతు. మా సెక్షన్ల ఉండె. వాని నంబర్ పదమూడు.”

ఐక్యరాజ్యసమితి శాంతి సేనలో ఆఫ్రికాకు వెళ్లినప్పటి సంగతి. ఒక ఊరి దగ్గర కాల్పులు మొదలయ్యాయి. మసక చీకట్లో, దుమ్ములో అందరూ బండెక్కారు. మల్లయ్య గారు ముందు సీట్లోంచే గిన్తీ అడిగారు. పదమూడు అంకెలూ వచ్చాయి. ఆయన సహీ అన్నారు, బండి కదిలింది. క్యాంపుకు చేరాక చూస్తే చివరన కూర్చున్నది నర్సింలు కాదు, వీళ్ల వెంట తిరిగే అక్కడి దుబాసీ. రోజూ విని విని అంకెలు నేర్చుకున్నాడు. భయంలో తన వంతు వచ్చిందనుకుని ‘తేరా’ అనేశాడు. వెనక్కి వెళ్లేసరికి నర్సింలు ప్రాణాలతో లేడు.

“గొంతులే విన్న సార్. మొఖాలు చూడలే,” అన్నారాయన. ఆ మాట నర్సింలు తల్లికి ఇప్పటిదాకా చెప్పలేదట.

ఆ తర్వాత నేను అక్కడున్నప్పుడల్లా గిన్తీలో ఆ ‘తేరా’ వినిపిస్తూనే ఉంది. రెండు నెలలకు ఒక మధ్యాహ్నం, మూడు గంటలప్పుడు, మా బేస్‌మెంట్ బ్యాటరీ గదిలోంచి పొగ లేచింది. అలారం మోగింది, ఉద్యోగులంతా రోడ్డు మీదికొచ్చారు. పొగ పోర్టికోలోకి కూడా కమ్ముకుంది. మల్లయ్య గారు అక్కడే గార్డులను నిలబెట్టి గిన్తీ అడిగారు. ఏక్ నుంచి బారా దాకా వచ్చి ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. ఫైర్ స్టేషన్‌కు ఫోన్‌లో, మా వాళ్లంతా బయటికొచ్చేశారని చెప్పబోయాను.

మల్లయ్య గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

“తేరా రాలే సార్. ఒకడు తక్కువున్నడు.”

పొగలోకి వెళ్లి ఒక్కొక్కరి ముఖం దగ్గరగా చూశారు. పదకొండు మందే. గార్డు యాదగిరి లేడు. నేను వద్దనేలోపే తడి కర్చీఫ్ ముక్కుకు కట్టుకుని ర్యాంప్ దిగి పరుగెత్తారు. యాదగిరిని భుజాన వేసుకుని బయటికొచ్చారు. బ్యాటరీ గది ముందు స్పృహ తప్పి పడున్నాడట. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టర్ అన్నాడు.

సీసీ కెమెరాలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పొగలో లీలగా పదకొండు ఆకారాలు, చివర ఒక మనిషి పట్టేంత జాగా. మా కెమెరాలకు శబ్దం రికార్డు కాదు. కానీ ఆ ‘బారా’ అదే బొంగురు గొంతుతో వచ్చిందని నాకు బాగా గుర్తు.

ఒకటే నన్ను తొలిచేసింది. ఆ గొంతు పలక్కుండా ఊరుకుంటే పదకొండే వచ్చేది, మాకు వెంటనే తెలిసిపోయేది. మరి ఎందుకు పలికినట్టు? మల్లయ్య గారినే అడిగాను.

“అప్పుడు మొఖాలు చూడకుంటనే సహీ అన్న గద సార్. ఈసారన్న చూస్తనో లేదో నర్సింలు చూసిండు.”

ఆ వారమే సెలవు పెట్టి నర్సింలు ఊరికి వెళ్లి, తల్లికి అంతా చెప్పి వచ్చారు.

నాకు విన్నది విన్నట్టు చెప్పడమే తెలుసు. ఇప్పుడు రోజూ రెండింటికి నేనూ పోర్టికోలో ఉంటున్నాను. బారా అయ్యాక మల్లయ్య గారు కాసేపు ఆగుతారు. నేనూ చెవులు రిక్కించి వింటాను. ఇంకేమీ వినిపించదు. అప్పుడాయన వరస వెంట నడిచి, ఒక్కొక్కరి ముఖం చూసి, చివరి ఖాళీ జాగా దగ్గర నిలబడి ‘గిన్తీ సహీ’ అంటారు.