వాగు నీళ్ళలో కడిగిన ఫిల్ము

మొన్న ఒకాయన మా ఇంటికొచ్చి గోడ మీది ఫోటో చూసి, "అయ్యో, పాడైపోయిందే! కంప్యూటర్లో ఆ చుక్కలన్నీ తీసేసి కొత్తదానిలా చేసిస్తానండీ" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. కాఫీ ఇవ్వకుండానే పంపేశాను.

ఫిల్ము రోజుల్లో దీన్నే టచింగ్ అనేవారు. నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో గీస్తే ప్రింటులో ముఖం తెల్లబడుతుంది. ప్రింటులో తెల్లమచ్చ పడేచోట బ్లేడుతో గీకితే ఆ మచ్చ పోతుంది. అప్పట్లో మేమున్న బస్తర్ వైపు స్టూడియోల్లో ఇది అడగకుండానే జరిగిపోయేది. పెళ్ళిచూపుల ఫోటోకి వచ్చిన పిల్ల ఎంత నల్లగా ఉన్నా, కవర్లోంచి బయటికొచ్చేది తెల్ల ముఖమే. ఆ పిల్లలు కూడా దాన్ని చూసుకుని మురిసిపోయేవారు. నల్లగా ఉంటే తప్పేమిటని అడిగినవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు.

మాది విజయనగరం వైపు. నాన్న బస్తర్ ఇనుప గనులకి వెళ్ళే కిరండూల్ లైన్లో గూడ్సు డ్రైవరు, గని పక్కనే రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. ఇనుప ఖనిజం నింపుకున్న వ్యాగన్లను కొండ దించడం, ఖాళీవాటిని మళ్ళీ కొండెక్కించడం ఆయన ఉద్యోగం. నేను రైల్వే పిల్లల బడిలో పాఠాలు చెప్పేదాన్ని. అమ్మ ఉతికి ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి ఎర్రబారేది. గనిని తిట్టకుండా అమ్మ ఒక్క బట్ట మడతపెట్టగా నేను చూడలేదు. నా కోపం ఆవిడ పోలికే అని నాన్న అనేవారు.

నా దగ్గర ఒక పాత కెమెరా ఉండేది. క్వార్టర్లో స్నానాల గదే నా డార్క్ రూము. కిటికీకి నల్ల దుప్పటి కట్టి, బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని పనిచేసేదాన్ని. చిక్కంతా నీళ్ళ దగ్గరే. మందుల్లో ముంచి తీశాక ఫిల్ముకి వెలుతురు భయం ఉండదు గానీ, పారే నీళ్ళలో చాలాసేపు కడగాలి. మా కుళాయి పొద్దున కాసేపు వచ్చి ఆగిపోయేది. అందుకని ఒకరోజు ఫిల్ముని డబ్బాలో పెట్టుకుని క్వార్టర్ల కింది వాగుకి తీసుకెళ్ళాను. కొండమీద ఖనిజం కడిగిన నీళ్ళు దిగొచ్చి కలిసే వాగు అది. వానాకాలం, ఎండాకాలం అని లేదు, ఎప్పుడూ ఎర్రగానే ఉండేది.

తడిసిన ఫిల్ము మీద పొర మెత్తగా ఉంటుంది. నీళ్ళలోని ఇనుపరజను అందులో దిగబడి, అలాగే ఎండిపోయింది. ప్రింటు తీస్తే ఫోటో నిండా తెల్లచుక్కలు, అడ్డదిడ్డంగా చారలు. చుట్టి మూలకి విసిరేశాను. రెండు రోజుల తర్వాత ఊడుస్తుంటే చేతికి దొరికింది, విప్పి చూశాను. అది మా వరండా ఫోటో. అంతకుముందు అదే వరండాని శుభ్రంగా తీసిన ఫోటోలు నా దగ్గర చాలా ఉన్నాయి. వాటిలో దేనిలోనూ మా ఇంట్లో పళ్ళ మధ్య కరకరలాడే దుమ్ము లేదు. ఇందులో ఉంది.

అయినా నాకు కడగడం రాక ఇలా అయిందేమోనని అనుమానం. బడి తరఫున గనులకి దూరంగా ఉన్న తోంగ్‌పాల్ వెళ్ళినప్పుడు ఇంకో ఫిల్ము పట్టుకెళ్ళి అక్కడి వాగులో కడిగాను. అద్దంలా వచ్చింది. తప్పు నా చేతుల్లో లేదు, మా నీళ్ళలో ఉంది. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ ఊళ్ళో ఫోటో తీస్తే ఆ ఫిల్ముని ఆ ఊరి నీళ్ళలోనే కడగాలి. ఆ నీళ్ళు దాని మీద ఏం రాస్తే అదే ఉండాలి. జగదల్‌పూర్‌లో కెమెరాలున్న పెద్దమనుషులకి ఈ మాట చెబితే పగలబడి నవ్వారు. ఫోటోగ్రఫీ మానేసి బట్టలుతుక్కోమని ఒకాయన సలహా ఇచ్చాడు. ఆయన తీసేవన్నీ జలపాతాలు, గుర్తుంది నాకు.

సంతరోజున మా ఇంటికి ఒక అక్క వచ్చేది. చింతపండు, ఇప్పపువ్వు తెచ్చేది. పుట్టిల్లు తెలంగాణ సరిహద్దున తెలుగు మాట్లాడే బాసగూడ వైపు, ఇచ్చింది మా వాగు కింది ఊరికి. అక్కడ అత్తింటివాళ్ళతో గోండీ, సంతలో హిందీ, హల్బీ. తెలుగు మాట్లాడ్డానికే మా వరండాలో కూర్చుని అమ్మతో సాయంత్రం దాకా కబుర్లు చెప్పేది. ఒకరోజు నా కెమెరా వైపు చెయ్యి చూపించింది.

"ఆ డబ్బల నా వాగును దియ్యి బిడ్డా. నేను పక్కన నిలవడ్త."

"ఎందుకక్కా?"

"ఎందుకేంది? సార్లు జీపుల వస్తరు, నీళ్ళు మంచిగైనయని జెప్పి పోతరు. ఒక్కడన్న దిగి నా కుండల జూడడు. ఫోటువల అన్న జూస్తరు గద."

వెళ్ళి తీశాను. కుండ చంకలో పెట్టుకుని, చీలమండల దాకా నీళ్ళలో నిలబడి, కెమెరాని కాదు, నన్ను చూసి నవ్వింది. ఫిల్ము అక్కడే, ఆవిడ కాళ్ళ దగ్గరే కడిగాను. ప్రింటులో ఆవిడ నల్లటి ముఖం మీద, కుండ మీద, ఆకాశం మీద రజను చుక్కలు కురుస్తున్నాయి. నేను తీసినవాటిలో నాదీ అని చెప్పుకోదగ్గ మొదటి ఫోటో అదే. ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు.

అప్పుడే గని క్లబ్బులో ఫోటోల ప్రదర్శన పెట్టారు, మన ప్రాంతపు అందాలట. సార్లంతా వచ్చేది అక్కడికే. అక్క అడిగింది సరిగ్గా అదే కదా. కానీ వాళ్ళడిగినంత పెద్ద ప్రింటు నా స్నానాల గదిలో అవదు. జగదల్‌పూర్‌లో స్టూడియో ఉన్న బాబాయ్‌కి నెగటివ్ ఇచ్చాను. ఆయనా మా విజయనగరం మనిషే. ఏమీ ముట్టుకోకుండా ఉన్నది ఉన్నట్టు పెద్దది చెయ్యమని చెప్పాను. "అలాగేనమ్మా" అన్నాడు.

ప్రదర్శనకి ముందురోజు ప్రింటు కోసం వెళితే, ఆయన మొహం వెలిగిపోతోంది.

"నిన్ననే ఫ్రేము కట్టించి రైలు గార్డు సేత క్లబ్బుకి పంపీసినాను. నీకు శ్రమెందుకని. ఏటమ్మా ఆ నెగటివ్, బురదగుంటలో కడిగినావేటి? కళ్ళు కాయలు కాసేలా కూకుని ఒక్కో సుక్కా తీసీసినాను. ఆవిడ మొకం కూడా తెలుపు తెచ్చినాను."

"ముట్టుకోవద్దన్నాను కదా బాబాయ్!"

"మొగమాటానికి అన్నావనుకున్నాను. మనూరి పిల్ల తీసిన ఫోటో మచ్చల్తో గోడకెక్కితే నాకు సిన్నతనం కాదేటి?"

నెగటివ్ తెచ్చి వెలుతురుకి పట్టాను. ముఖం మీద పెన్సిలు గీతలు, ఆకాశంలో బ్లేడు గాట్లు. నీళ్ళ మీది చారలన్నీ నునుపుగా గీకేశాడు. గీకిన పొర మళ్ళీ రాదు. నేను ఆయన మీద అరిచాను. రోడ్డు మీద ఆటోవాళ్ళు తొంగిచూసేంత గట్టిగా అరిచాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఏమీ అర్థంకానట్టు నిలబడ్డాడు. నాకు జాలెయ్యలేదు. ప్రేమతో చేసినా పాడుచేసింది పాడుచేసిందే, ఇన్నేళ్ళ తర్వాత కూడా నా మాట అదే.

మర్నాడు క్లబ్బుకి వెళ్ళేసరికి, సంతరోజున నేను రమ్మని చెప్పిన అక్క నాకంటే ముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. తలకి నూనె రాసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. ఫోటో పాడైందని దారంతా అనుకున్న మాటలు చెప్పకుండానే ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళాను. లోపల ఒక ఆఫీసరు నా ఫోటో ముందే నిలబడి, బయటి ఊరి అతిథులకి చూపిస్తున్నాడు. "దేఖియే, హమారా నాలా కిత్నా సాఫ్ హై!" వాగు ఎంత శుభ్రంగా ఉందో చూడమంటున్నాడు. పైగా ఇది తీసింది మా రైల్వే టీచరేనని నన్ను పిలిచి పరిచయం చేశాడు. అతిథులు చప్పట్లు కొట్టారు.

అక్క వాళ్ళ మధ్యలోంచి దూరి ఫోటో దగ్గరికొచ్చింది. ముఖం దగ్గర పెట్టి చూసింది.

"ఇదేడ వాగు బిడ్డా?"

"నీదే అక్కా."

"నాది గాదు. ఆ తెల్లామె ఎవలో అడుగు, ఏడుందో జెప్తది. మనం గూడ ఆడికే పోయి నీళ్ళు దెచ్చుకుందాం."

"క్యా బోల్ రహీ హై?" ఆవిడేమంటోందని ఆఫీసరు నవ్వుతూ నన్నడిగాడు. ఆవిడ అన్నది అన్నట్టు, గది అంతా వినబడేలా హిందీలో చెప్పాను. ఈ ఫోటోలోని మనిషి ఈవిడేననీ, ఆ వాగు ఎర్రగా ఉంటుందనీ, ఫోటోలో దాన్ని గీకేశారనీ కూడా చెప్పాను. అతనికి కనీసం కోపం వస్తుందనుకున్నాను. "మజాక్ అచ్ఛా కర్తీ హై" అని, హాస్యం బాగా చేస్తుందని మెచ్చుకుని, అతిథులను పక్కనున్న జలపాతం ఫోటో దగ్గరికి తీసుకెళ్ళాడు.

నేను ఫ్రేము కొక్కెం నుంచి తీసేశాను. సాయంత్రం దాకా ఉంచాలని చౌకీదారు వెంటపడ్డాడు. అతన్ని తోసుకుని బయటికొచ్చి, ఫ్రేము నేలకేసి కొట్టబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"పలగ్గొట్టకు. ఈ గాజుపెంకులల్ల నేనే నడవాలె."

అప్పుడు ఆవిడ కాళ్ళు చూశాను. చెప్పుల్లేవు. మడమల పగుళ్ళలో వాగు ఎరుపు అలాగే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ మాత్రం ఏడవలేదు, నా మీద విసుక్కుంది.

"ఏడుస్తె ఏమొస్తది? మల్ల దియ్యి."

ఆ తర్వాతి ఆదివారం మళ్ళీ తీశాను. అదే కుండ, అదే చోటు, ఈసారి నవ్వు లేదు, కనుబొమ్మలు ముడిపడి ఉన్నాయి. ఇప్పుడు మా ఇంటి గోడ మీదున్నది ఆ ఫోటోనే. మందుల పని ఇంట్లో ముగించి, కడగడానికి ఫిల్ముని వాగుకి తెచ్చాను. ఆవిడ కుండ గట్టున పెట్టి నా పక్కనే గొంతుక్కూర్చుని, ఎర్రనీళ్ళు ఫిల్ము మీదుగా పారుతుంటే కన్నార్పకుండా చూసింది.

"ఈపాలి ఎవలకియ్యకు" అంది.